తల్లిని జమానతుకు నిలబెట్టే కాగితం

అమ్మకపు దస్తావేజు ఆఖరి పేజీలో, సాక్షుల సంతకాలకు కాస్త పైన, ఎవరూ చదవని వాక్యం ఒకటి ఉంటుంది. "ఇట్టి ఆస్తిపై నా మైనర్ పిల్లలు గాని, ఇతర వారసులు గాని మునుముందు ఎట్టి తకరారు చేసినను నా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలదానను. తమకు కలుగు నష్టమునకు నేనును, నా ఇతర స్థిరచరాస్తులును బాధ్యులము." మాటలు అటూ ఇటూ మారతాయి, సారం మారదు.

జగిత్యాలలో కాగితాలు రాసే ఒక దుకాణంలో నా పని మీద కూర్చుని ఉండగా, ఒకామె ఈ వాక్యం కింద సంతకం పెట్టడం చూశాను. భర్త గల్ఫ్‌లో చనిపోయి ఏడాది దాటిందట. ఆమె వేళ్ల కొసలు తునికాకు రంగు పట్టి ఉన్నాయి. రాసేటాయన కాగితమంతా గడగడా చదివి వినిపించాడు. ఈ వాక్యం దగ్గర ఆమె "ఇదేంది సార్" అని అడిగింది. "ఏం లేదమ్మా, అందరి కాగితాలల్ల ఉండేదే" అన్నాడు. పక్కనున్న నేను నోరూరుకోక, పిల్లల వాటాకు కోర్టు పర్మిషన్ తీసుకున్నారా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఒక మాటన్నాడు. ఈ వ్యాసమంతా ఆ మాటకు జవాబే.

"కన్నతల్లి సంతకం చేస్తున్నది కద సార్. తల్లి కన్న ఎక్కువ చూస్తదా కోర్టు?"

ఈ మాటను తేలిగ్గా కొట్టేయకూడదు. జగిత్యాలలో అడిగినా, కోరుట్లలో అడిగినా, సిరిసిల్లలో అడిగినా పెద్దమనుషులు చెప్పేది ఇదే. చదువుకున్నవాళ్లు దీన్నే మరికాస్త నాజూకుగా చెబుతారు. దీని వెనక నాలుగు వాదాలున్నాయి. తల్లి తన పిల్లలకు చెడు చేయదు. అమ్మేది జల్సాకు కాదు, దుబాయి పోవడానికి చేసిన అప్పుకో, ఆపరేషన్‌కో, ఆడపిల్ల పెండ్లికో. కోర్టంటే నెలల తరబడి తిరుగుడు, ఆలోగా మిత్తి పెరుగుతుంది, కొనేవాడు జారిపోతాడు. చివరిది, ఇన్నేండ్లలో ఎంతమంది పిల్లలు పెద్దయ్యాక కోర్టుకెక్కారు? నాలుగింటిలోనూ కొంత నిజముంది. అందుకే ఈ అభిప్రాయం ఇంతకాలం నిలబడింది. కానీ ఈ నాలుగు నిజాలూ కలిసి మనల్ని తీసుకెళ్లేది తప్పు చోటికి. కోర్టు అనుమతి పిల్లలను తల్లి నుంచి కాపాడే తడిక అని అందరూ అనుకుంటున్నారు. అది మొట్టమొదట కాపాడేది తల్లినేనని నా వాదన.

ముందు, ఆస్తి ఎవరిదో తేల్చుకుందాం. కోరుట్లలో ఒకాయన మస్కట్ సంపాదనతో రెండు వందల గజాల ప్లాటు కొన్నాడనుకోండి. వీలునామా రాయకుండానే పోయాడు. భార్య, పదకొండేళ్ల కొడుకు, ఆరేళ్ల బిడ్డ, ఆయన తల్లిదండ్రులు ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ప్లాటు నాలుగు సమాన వాటాలవుతుంది: భార్యకొకటి, కొడుక్కొకటి, బిడ్డకొకటి, ఆయన తల్లికొకటి. తండ్రి బతికే ఉన్నా మొదటి తరగతి వారసుల్లో ఆయన లేడు, నాయనమ్మ మాత్రం ఉంది. ఈ ఒక్క సంగతి మన పంచాయితీల్లో పది మందిలో ఇద్దరికి కూడా తెలిసినట్టు కనిపించదు. ప్లాటు నలభై లక్షలు పలికితే అందులో భార్యది పది లక్షలు. నాయనమ్మ పది లక్షలు నాయనమ్మ సంతకంతోనే కదలాలి. తక్కిన ఇరవై లక్షలు బడికి పోతున్న ఇద్దరు పిల్లలవి. అంటే ఆ ఇంట్లో సగం ఆస్తికి యజమానులు ఇంకా నిక్కర్లూ గౌన్లూ వేసుకు తిరుగుతున్నారు.

"ఆడపిల్లకు ఎట్లాగూ పెండ్లి చేస్తం, ఇంక వాటా ఏంది" అనేవాళ్లకు ఒక ముక్క. తండ్రి స్వార్జితంలో బిడ్డకు సమాన వాటా 1956 నుంచే ఉంది. తాత ముత్తాతల ఆస్తిలో కూడా పెండ్లికాని బిడ్డలకు హక్కిస్తూ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం తెచ్చింది. దేశం మొత్తానికి ఆ మాట చెప్పడానికి పార్లమెంటుకు 2005 దాకా పట్టింది. తెలుగువాళ్లం ఇరవై ఏళ్లు ముందు పుట్టించిన హక్కును ఇప్పుడు కట్నం లెక్కలో కలిపేసుకోవడం మనకు మర్యాద కాదు.

ఆ ఇరవై లక్షల మీద తల్లికి ఉన్న అధికారం ఏమిటి? హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం కూడా 1956దే. దాని ఎనిమిదో సెక్షన్ చెప్పేది సూటిగానే ఉంది. సహజ సంరక్షకులు కోర్టు ముందస్తు అనుమతి లేకుండా మైనర్ స్థిరాస్తిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, దానమివ్వకూడదు, మార్పిడి చేయకూడదు, ఐదేళ్లకు మించి కౌలుకివ్వకూడదు. కాదని అమ్మితే ఆ మైనర్ పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని తన వాటా మేరకు కాదనవచ్చు. తల్లి సొంత వాటా అమ్మకం మాత్రం నిలుస్తుంది. సంరక్షకులంటే చట్టం మొదట పేర్కొన్నది తండ్రిని, ఆ తర్వాతే తల్లిని. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

"అవసరానికే కదా అమ్మింది" అన్న వాదం పాతది, దానికో చరిత్ర ఉంది. 1856లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు హనుమాన్ ప్రసాద్ పాండే కేసు వచ్చింది. అందులోనూ మైనర్ కొడుకు ఆస్తిని తల్లే తాకట్టు పెట్టింది. నిజమైన అవసరం ఉంటే సంరక్షకురాలు ఆస్తిని కదపవచ్చు, అప్పిచ్చేవాడు ఆ అవసరం నిజమో కాదో నిజాయితీగా విచారించుకుంటే చాలు, అని ఆ తీర్పు సారాంశం. మన రచ్చబండ మీద ఇప్పటికీ నడుస్తున్న న్యాయం ఇదే. సరిగ్గా వందేళ్ల తర్వాత, 1956లో, చట్టం మారింది. అవసరం అన్న మాట పోలేదు. దాన్ని చూపించాల్సిన వేళ మారింది. అంతకుముందు అమ్మేశాక, ఎన్నో ఏళ్లకు గొడవ వస్తే, అవసరముండెనని కొన్నవాడు నిరూపించుకునేవాడు. ఇప్పుడు అమ్మకముందే ఆ అవసరాన్నో, పిల్లలకు స్పష్టంగా కలిగే మేలునో జడ్జి ముందు పెట్టాలి. మన పెద్దమనుషులు చెబుతున్నది అబద్ధం కాదు, గడువు తీరిన నిజం.

ఇంకొంచెం తెలిసినవాళ్లు మరో అడ్డు వేస్తారు: "ఉమ్మడి ఆస్తికి పర్మిషన్ అక్కర్లేదు." నిజమే. ఉమ్మడి కుటుంబంలో విడిపోని మైనర్ వాటాకు ఎనిమిదో సెక్షన్ వర్తించదని, కుటుంబ పెద్ద అయిన కర్త అమ్మవచ్చని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అయితే ఆ మినహాయింపు ఎవరి చేతికి పోతుందో చూడండి. హిందూ ఉమ్మడి కుటుంబానికి వితంతువు కర్త కాలేదని సుప్రీంకోర్టు 1965లోనే తేల్చింది. కాబట్టి "ఉమ్మడి" అన్న మాట తల్లికి పనికిరాదు, ఆమె మరిదికి పనికొస్తుంది. అన్న పోయిన ఇంట్లో "ఇదంత ఉమ్మడిదే వదినె, నేను చూసుకుంట" అనే మాటతోనే సగం కథలు మొదలవుతాయి. అన్నదమ్ములు ఏర్లుపడి ఎవరి పాస్‌బుక్కు వాళ్లు పట్టుకున్నాక ఉమ్మడి ఎక్కడిది? అన్న తన గల్ఫ్ పైసలతో కొన్న ప్లాటు కొడుకు చేతికి రాగానే పిత్రార్జితమైపోదని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆ పిల్లల విడి ఆస్తి. దాన్ని కాక గాని, తాత గాని, మేనమామ గాని "నేనే పెద్దను" అని అమ్మడానికి వీల్లేదు. అలా పెత్తనం చేతిలోకి తీసుకున్నవాళ్లకు మైనర్ ఆస్తిని ముట్టే అధికారమే లేదని అదే సంరక్షకత్వ చట్టం పదకొండో సెక్షన్ అంటోంది.

"పాస్‌బుక్కు తల్లి పేరు మీదనే ఎక్కింది, ఇంక పిల్లల వాటా ఎక్కడిది?" అనే మాట ఊళ్ల భూముల విషయంలో వింటాం. విరాసత్ చేయించుకునేటప్పుడు వారసులంతా ఒప్పుకున్నట్టు కాగితం పెట్టి, పట్టా ఒకరి పేర ఎక్కించుకోవడం ధరణి రోజుల్లో మామూలైంది. 2020లో భూరికార్డుల పోర్టల్‌గా ధరణి వచ్చింది, 2025లో దాని చోట భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా ఒక సంగతి మారదు. ఆరేళ్ల బిడ్డ "ఒప్పుకోవడం" అనేది ఉండదు. మైనర్ చేసిన ఒప్పందానికి విలువే లేదని 1903 నుంచి ఈ దేశంలో స్థిరపడిన న్యాయం. తన వాటా వదులుకోవడానికి ఆ బిడ్డ తరఫున తల్లి పెట్టిన సంతకానికి కూడా కోర్టు అనుమతి వెనక ఉండాలి. పట్టా రెవెన్యూ రికార్డు. పిల్లకు వారసత్వంగా వచ్చిన వాటాను మింగే నోరు దానికి లేదు.

రిజిస్ట్రేషన్ సంగతీ అంతే. ఆఫీసులో ముద్ర పడిందంటే సర్కారు ఒప్పుకున్నట్టేనని మనవాళ్ల నమ్మకం. రిజిస్ట్రార్ చూసేది సంతకం పెట్టినవాళ్లు వాళ్లేనా, స్టాంపు డ్యూటీ కట్టారా అని. అమ్మేవాళ్లకు హక్కుందో లేదో తేల్చడం ఆయన పని కాదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో మరోసారి చెప్పింది. ముద్ర పడింది కాబట్టి అమ్మకం గట్టిదనుకోవడం, బస్సు టికెట్ కొన్నాం కాబట్టి బస్సు చెడిపోదనుకోవడం లాంటిది.

ఒకే గల్లీలో మరో ఇల్లు చూద్దాం. కోరుట్లలో, జగిత్యాలలో హిందువుల ఇళ్ల పక్కనే ముస్లింల ఇళ్లున్నాయి. గల్ఫ్ రెండింటి నుంచీ మనుషుల్ని తీసుకుపోయింది. ముస్లిం ధర్మశాస్త్రంలో మైనర్ పిల్లల ఆస్తికి సంరక్షకులు తండ్రి, తండ్రి నియమించినవాడు, తాత, తాత నియమించినవాడు. తల్లి ఆ జాబితాలోనే లేదు. 1918లో ఇమాంబందీ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది ఇదే. కోర్టు నియమించకుండా తల్లి మైనర్ స్థిరాస్తిని అమ్మితే ఆ అమ్మకం పుట్టుకతోనే చెల్లదు, ఎవరూ వచ్చి రద్దు చేయించనక్కర్లేదు. ఆ తల్లి కూడా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు పోయి సంరక్షకురాలిగా నియామకం, అమ్మడానికి అనుమతి తెచ్చుకోవాలి. "తల్లి సంతకం చాలు" అనే మాట హిందూ ఇంట్లో సగం తప్పు, ముస్లిం ఇంట్లో పూర్తి తప్పు. కాగితాలు రాసే దుకాణంలో మాత్రం రెండిళ్లకూ ఒకటే ఫార్మాటు.

తండ్రి బతికే ఉండి దుబాయిలో ఉంటే? 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు, తండ్రి దగ్గర లేనప్పుడు, పిల్లల బాగోగులు చూసే స్థితిలో లేనప్పుడు తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చని చెప్పింది. గల్ఫ్ పల్లెలకు అది చాలా విలువైన తీర్పు. కానీ అది తల్లిని తండ్రి స్థానంలో నిలబెట్టింది, తండ్రిని మించిన స్థానంలో కాదు. తండ్రికే లేని అధికారం ఆయన పంపిన జీపీఏలోకి (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక "ఎవడు కోర్టుకెక్కాడు?" అన్న ప్రశ్న. గొడవ పడినవాళ్లను లెక్కపెడితే నష్టం తేలదు. నష్టం అమ్మకం రోజునే జరిగిపోతుంది, ధరలో. అనుమతి లేని అమ్మకాన్ని రద్దు చేయించుకోవడానికి మైనర్‌కు పద్దెనిమిది నిండాక మూడేళ్ల గడువుంటుంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంటే ఆ ప్లాటు మీద నీడ పంతొమ్మిదేళ్లు. 2013లో సుప్రీంకోర్టు దాకా వచ్చిన ఒక కేసు అచ్చం మన కథే: భర్త పోయాక తల్లి మైనర్ బిడ్డల వాటా అనుమతి లేకుండా అమ్మింది, బిడ్డలు పెద్దయి అడిగారు, గెలిచారు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కర్ణాటకలోని దావణగెరె దగ్గర ఒక తండ్రి 1971లో మైనర్ కొడుకుల పేర ప్లాట్లు కొని, అనుమతి లేకుండా అమ్మేశాడు. కొడుకులు పెద్దయ్యాక దావా వేయలేదు, నేరుగా ఆ ప్లాట్లను మరొకరికి అమ్మారు. అలా చేసినా తండ్రి అమ్మకాన్ని కాదన్నట్టేనని, దానికి వేరే దావా తప్పనిసరి కాదని కోర్టు చెప్పింది.

ఇప్పుడు కొనేవాడి చోటులో కూర్చుని ఆలోచించండి. బ్యాంకు లోనుకు పోతే వాళ్ల వకీలు వంశావళి చూడగానే "మైనర్ పర్మిషన్ ఆర్డర్ ఏది?" అంటాడు. అది లేకుంటే లోను లేదు. జీతగాడు, టీచరు, చిన్న దుకాణంవాడు అక్కడే తప్పుకుంటారు. మిగిలేది చేతిలో నగదు, గుండెలో తెగువ ఉన్నవాడు. తరచూ వాడు మిత్తికి పైసలిచ్చే వ్యాపారి, లేదంటే ప్లాట్లు కొని అమ్మే దళారి. "కాగితంల లొసుగుంది గద అమ్మా" అని వాడు ధర తగ్గిస్తాడు. ఆ లొసుగు ఏమిటో ఆమెకు వివరంగా చెప్పడు, దాని ధర మాత్రం ఆమె దగ్గరే వసూలు చేస్తాడు. కోర్టు ఖర్చు మిగిల్చానన్న పెద్దమనిషి ఈ తగ్గుదలను ఎప్పుడైనా లెక్కగట్టాడా?

మొదటి వాదాన్ని కావాలనే ఇంతదాకా ఆపాను, బరువైనది అదే. "కోర్టుకు పొమ్మనడం తల్లిని అనుమానించడం." ఇందాక గుర్తుంచుకోమన్నది ఇప్పుడు పనికొస్తుంది. చట్టం తండ్రిని కూడా ఇదే కట్టుతో కట్టింది. దావణగెరెలో అమ్మింది తండ్రే. కాబట్టి ఇది వితంతువుకు జరిగిన అవమానమేమీ కాదు. పోనీ, తల్లి మీద నమ్మకం ఉందని చెప్పే ఈ పెద్దలు మరెక్కడ ఆమెను నమ్ముతున్నారు? బేరం ఆమె చేయదు, మరిది చేస్తాడు. బయానా ఆమె చేతికి రాదు, పంచాయితీ పెద్ద చేతికి వస్తుంది. ధర చెప్పేటప్పుడు ఆమె వంటింట్లో ఉంటుంది. సంతకం దగ్గర మాత్రమే అందరికీ హఠాత్తుగా మాతృత్వం మీద గౌరవం పుట్టుకొస్తుంది.

సిరిసిల్లలో ఒక ఇల్లు ఊహించుకోండి, ఊహ పెద్దగా అక్కర్లేదు కూడా. ముందు గదిలో నాలుగు సాంచాలు (మరమగ్గాలు), వెనక గదిలో సంసారం. మనిషి పోయాడు. దశదినకర్మ నాడు భోజనాలు కాగానే చాప మీద అప్పులోళ్లు, పాలోళ్లు కూర్చుంటారు. నూలు సేటు బాకీ, చిట్టీ బాకీ, చేబదుళ్లు. "కొడుకున్నడు గద, తండ్రి బాకీ ఉంచుకుంటడా? ఇల్లు అమ్మి అందరికి పంచేద్దాం" అని ఎవరో అంటారు. తలకొరివి పెట్టిన పిలగాడికి తొమ్మిదేళ్లు. కొడుకు అయినందుకే తండ్రి అప్పు తీర్చాలన్న పాత ధర్మాన్ని 2005 సవరణ ఎత్తేసింది. తండ్రి వదిలిన ఆస్తి మేరకు బాకీదార్లకు హక్కుంటుంది, అదీ దావా వేసి, నోటు నిరూపించుకుని తీసుకోవాలి. ఆ చాప మీద ఈ సంగతి చెప్పే మనిషి ఉండడు. సాంచాలు చరాస్తి, ఎనిమిదో సెక్షన్ వాటికి అడ్డుకాదు, పిల్లల మేలుకైతే అమ్ముకోవచ్చు. ఇల్లు వేరు.

ఆ గదిలో ఆమె "అమ్మను" అనగలదా? అంటే, అప్పు ఎగ్గొట్టే ఆడది అంటారు, మొగుడి పరువు తీసిందంటారు. అదే ఆమె "నా చేతుల లేదు. పిల్లల వాటా ఉన్నది, కోర్టు చెప్పాలె" అంటే? ఆ ఒక్క మాటతో చాప మీది లెక్క మారుతుంది. తొందర ఎవరికుందో బయటపడుతుంది. దొంగ నోట్లు మెల్లగా జేబుల్లోకి తిరిగిపోతాయి. కోర్టు చేసే ఆలస్యాన్ని అందరూ తిడతారు. పదోనాడే ఇల్లు అమ్మించాలని చూసేవాళ్ల ముందు ఆ ఆలస్యమే ఆమెకు దొరికే ఊపిరి.

అనుమతి వచ్చాక జరిగేది కూడా చూడాలి. జడ్జి ఊరికే సరే అనడు. ఎందుకు అమ్ముతున్నారో ఉత్తర్వులో రాస్తాడు. ఇంత ధరకు తగ్గకూడదని షరతు పెట్టవచ్చు, బహిరంగ వేలం వేయమనవచ్చు, సొమ్ము కోర్టులో కట్టమనవచ్చు. పిల్లల వాటాను వాళ్ల పేర బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమనడం తరచూ చూసేదే. ఆ డిపాజిట్ కాగితం విలువ వితంతువుకే తెలుస్తుంది. నగదు చేతికొస్తే నెల తిరక్కముందే ఆడబిడ్డ ఇంటి పెండ్లి గుర్తొస్తుంది, తమ్ముడి వీసా గుర్తొస్తుంది, బావ వ్యాపారం గుర్తొస్తుంది. లేదనలేక ఇస్తుంది, మళ్లీ రాదు. పిల్లలకు పద్దెనిమిది నిండేదాకా విరవకూడని డిపాజిట్‌ను ఎవరూ చేబదులు అడగరు.

ఆలస్యం సంగతికి జవాబు చెప్పకుండా తప్పించుకోను. అనుమతి దరఖాస్తు నెలలు పడుతుంది. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, దస్తావేజులు, ఈసీ, విలువ అంచనా, అన్నీ పెట్టాలి, దగ్గరి బంధువులకు నోటీసులు పోవాలి. ఒక వాయిదా తప్పితే ఒక రోజు బీడీల కూలి పోయినట్టే. ఇది నిజమైన కష్టం. అయితే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? ఒకప్పుడు జిల్లా కోర్టంటే కరీంనగర్. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాక జగిత్యాలవాళ్లకు జగిత్యాలలో, సిరిసిల్లవాళ్లకు సిరిసిల్లలో ఆ తలుపు ఉంది. ఆస్తి ఎక్కడుంటే అక్కడి జిల్లా కోర్టే అనుమతి ఇచ్చేది. వకీలు ఫీజు భయం కూడా సగం తెలియకపోవడం వల్లే. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు చాలు. కొనేవాడు జారిపోతాడన్న భయం ఉంటే, కోర్టు అనుమతి వచ్చాకే రిజిస్ట్రేషన్ అని ముందే ఒప్పందం రాసుకోవచ్చు. నిజంగా ఆ ప్లాటు కావలసినవాడు ఆగుతాడు. ఆగనివాడు ఎందుకు ఆగడో ఆలోచించుకోవాలి.

పోరాడవలసింది అనుమతిని ఎగ్గొట్టడానికి కాదు, త్వరగా ఇప్పించడానికి. ఇలాంటి దరఖాస్తులకు నెలలో ఒక ప్రత్యేక రోజు పెట్టమని అడగాలి. ఏ కాగితాలు కావాలో తెలుగులో ఒక పేజీ రాసి తహసీల్ ఆఫీసు గోడకు అంటించమని అడగాలి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడే, అందులో మైనర్ పేరుంటే, "వీరి వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి అవసరం" అని ఒక్క ముద్ర కొట్టడానికి సర్కారుకు ఎంత ఖర్చవుతుంది? గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తామని ఇదే ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. మంచిదే. ఆ 5 లక్షలు ఒక చేత్తో ఇస్తూ, అదే ఇంటి పిల్లల ఇరవై లక్షలు దుకాణంలో ఫార్మాటు పాలవుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏం సాయం?

మళ్లీ ఆ ఆఖరి పేజీ దగ్గరికి వద్దాం. అనుమతి లేని అమ్మకంలో ఎక్కడో ఒకచోట ప్రమాదం ఉందని కొనేవాడికి తెలుసు, రాసేవాడికి తెలుసు. ఆ ప్రమాదాన్ని ఎవరి నెత్తిన పెట్టాలన్నదే ప్రశ్న. ఆ వాక్యం దాన్ని తీసుకెళ్లి తల్లి నెత్తిన పెట్టింది. రేపు కొడుకు పెద్దయి తన వాటా అడిగితే, కొన్నవాడు పోయేది ఆ కొడుకు మీదికే కాదు. "నష్టం వస్తే నేనూ నా ఆస్తులూ బాధ్యులం" అని రాసిచ్చిన తల్లి మీదికి కూడా. కన్నకొడుకు హక్కు అడిగితే తల్లి కొంప మునుగుతుంది. తల్లి కొంప నిలవాలంటే కొడుకు నోరు మూసుకోవాలి. "ఎవడు కోర్టుకెక్కాడు" అని గర్వంగా అడిగే పెద్దలు వినవలసిన జవాబు ఇదే: ఎక్కకుండా తల్లినే జమానతు పెట్టుకున్నారు. కోర్టు ఉత్తర్వు దస్తావేజుకు జతపడి ఉంటే, మైనర్ల తకరారు కోసం ఆ జమానతు అడగవలసిన పనే కొనేవాడికి ఉండదు.

ఆ రోజు నేను చెప్పాలనుకున్నది ఇంత సవ్యంగా చెప్పలేకపోయాను. చెప్పినంత మట్టుకు ఆమె విన్నది. "బయానా తీసుకున్నం సార్, వానికి మాటిచ్చిండు మా మరిది" అన్నది. సంతకం అయ్యాక పెన్ను తిరిగిస్తూ రాసేటాయనను ఒకటే అడిగింది.

"మా పెద్దోనికి పదకొండేండ్లు. వాని సంతకం వద్దా?"

"వద్దమ్మా" అన్నాడాయన కాగితాలు సర్దుకుంటూ. "వానికేం తెల్సు?"

వాడికి తెలిసే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు వాడు తన వాటా అడగాలంటే ముందు తల్లి ముందే నిలబడాలి.